బీటీ పత్తి లైసెన్స్ గొడవ: మోన్‌శాంటో, నూజివీడు సీడ్స్ కేసుపై తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం ముంగిట పత్తి విత్తనం ధర గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ రెండు కంపెనీల పేర్లు మళ్లీ వినిపిస్తాయి. లైసెన్స్ ఒప్పందం తెగి, ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచి, చివరికి రాజీతో ముగిసిన కేసు ఇది. ఒప్పందం మీద సంతకాలు పెట్టింది రెండు కంపెనీలే. దాని తాలూకు ఫీజు మాత్రం ప్రతి ప్యాకెట్ ధరలో కలిసి రైతు జేబులోంచే వెళ్లింది. అందుకే ఈ కేసు గురించి పత్తి రైతుకు పూర్తిగా తెలియాలని నా ఆరాటం. రైతులు, విత్తన డీలర్లు, లా విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు కింద జవాబులున్నాయి.

ఎవరి మీద ఎవరు కేసు వేశారు?

అమెరికాకు చెందిన మోన్‌శాంటో టెక్నాలజీ, ఇక్కడి మహికో మోన్‌శాంటో బయోటెక్ కలిసి 2016లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. ప్రతివాదులు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నూజివీడు సీడ్స్, దాని గ్రూపు కంపెనీలైన ప్రభాత్ అగ్రి బయోటెక్, ప్రవర్ధన్ సీడ్స్. మహికో మోన్‌శాంటో అంటే మహారాష్ట్రలోని జాల్నాకు చెందిన మహికో, మోన్‌శాంటో చెరి సగం వాటాతో పెట్టుకున్న ఉమ్మడి కంపెనీ. టెక్నాలజీ మోన్‌శాంటోది. దాన్ని మన దేశంలోని విత్తన కంపెనీలకు సబ్‌లైసెన్స్ ఇచ్చి ఫీజు వసూలు చేసుకునే పని ఈ ఉమ్మడి కంపెనీది. అలా లైసెన్స్ తీసుకున్న కంపెనీలు నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో పెద్దది నూజివీడు.

లైసెన్స్ ఇచ్చింది దేనికి? విత్తనానికా, జన్యువుకా?

కేసంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి కొంచెం ఓపిగ్గా చూద్దాం.

నేలలో బతికే ఒక బ్యాక్టీరియా ఉంది, బాసిల్లస్ తురింజియెన్సిస్ అని. దాని పొట్టిపేరే బీటీ. కాయతొలుచు పురుగుల కడుపును పాడుచేసే ప్రొటీన్ అందులో తయారవుతుంది. ఆ ప్రొటీన్‌కు కారణమైన జన్యువును మోన్‌శాంటో పత్తి మొక్కలోకి ఎక్కించింది. ఒక జన్యువు ఉన్న రకం బోల్‌గార్డ్, మన రైతులు బీజీ-1 అనేది దాన్నే. దీనికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2, అంటే బీజీ-2, 2006లో వచ్చింది.

లైసెన్స్ తీసుకున్న కంపెనీకి మహికో మోన్‌శాంటో ఇచ్చేది బీటీ జన్యువున్న కొద్దిపాటి దాత విత్తనాలు. వాటితో మొలిచిన మొక్కను కంపెనీ తన సొంత పత్తి రకంతో సంకరం చేస్తుంది. వచ్చిన సంతతిని మళ్లీ సొంత రకంతో, మళ్లీ ఇంకోసారి, ఇలా కొన్ని సీజన్ల పాటు చేస్తూ పోతే చివరికి కంపెనీ రకం లక్షణాలన్నీ ఉండి, అదనంగా బీటీ జన్యువు మాత్రమే చేరిన మొక్క నిలుస్తుంది. ఆ తర్వాత హైబ్రిడ్ విత్తనం తయారీ. నడిగడ్డలో, అంటే గద్వాల వైపు, సీజన్లో వెళ్తే ఈ పని కళ్లారా చూడొచ్చు. కూలీలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, ఒక్కొక్క దాన్ని గోటితో ఒలిచి పుప్పొడి భాగం తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ వరుసల నుంచి పువ్వులు కోసుకొచ్చి ఆ మొగ్గల మీద అద్దుతారు. ప్రతి మొగ్గకూ చేత్తోనే. ప్యాకెట్‌లోకి వచ్చే గింజ వెనక ఇంత చాకిరీ ఉంది.

అంటే మోన్‌శాంటో ఇచ్చింది జన్యువు. ఆ జన్యువును మోసే మొక్క, హైబ్రిడ్ రకం, విత్తనం తయారీ అంతా ఇక్కడి కంపెనీలవి, ఇక్కడి రైతులవి, కూలీలవి. 'మా జన్యువు లేకపోతే మీ విత్తనం ఎవరు కొంటారు' అని ఒకరు, 'మా విత్తనం లేకపోతే మీ జన్యువు ఎక్కడ బతుకుతుంది' అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ఒప్పందంలో ఏం రాసుకున్నారు?

సబ్‌లైసెన్స్ ఒప్పందం తేదీ 2004 ఫిబ్రవరి 21. మొదటి గడువు పదేళ్లు. ఈ ఒప్పందాల్లో చెల్లింపు రెండు రకాలుగా ఉండేది. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఒకేసారి కట్టే 50 లక్షల రూపాయలు మొదటిది, అది తిరిగి రాదు. రెండోది అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద కట్టాల్సిన ట్రెయిట్ వాల్యూ, మనవాళ్లు మామూలుగా రాయల్టీ అనేది. గొడవంతా ఈ రెండో దాని మీదే.

గొడవ, ఒప్పందం రద్దయిన 2015లోనే మొదలైందా?

కాదు, దాని వేరు మన దగ్గరే ఉంది. 2005 ప్రాంతంలో 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయల దాకా అమ్మేవారు. అందులో రాయల్టీ వాటానే చాలా పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్, అంటే ఎంఆర్‌టీపీసీకి వెళ్లింది. 2006 మేలో ఫీజు తగ్గించమని కమిషన్ మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధర 750 రూపాయలు దాటకూడదని చెప్పింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. 2007లో మన రాష్ట్రం పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారం కోసం ఏకంగా చట్టమే చేసింది.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇదే. ఎందుకంటే అప్పటి నుంచి ప్యాకెట్ ధరకు పైకప్పు పడింది. ఒప్పందంలో రాసుకున్న రాయల్టీ ఒకటి, ప్రభుత్వాలు లెక్కలోకి తీసుకునే రాయల్టీ ఇంకొకటి అయ్యాయి. ఆ తేడా ఎవరు భరించాలి? విత్తన కంపెనీనా, జన్యువు ఇచ్చిన కంపెనీనా? దాదాపు పదేళ్లు ఇది లోలోపల రగిలి 2015లో బయటపడింది.

సంతకం పెట్టిన తర్వాత ఫీజు కట్టకపోతే అది ఒప్పంద ఉల్లంఘన కాదా?

మహికో మోన్‌శాంటో అన్నది సరిగ్గా అదే. మా టెక్నాలజీ వాడుకున్నారు, ప్యాకెట్లు అమ్ముకున్నారు, రైతుల దగ్గర డబ్బు తీసుకున్నారు, మా వాటా మాత్రం ఆపేశారు, వంద కోట్లు దాటిన బకాయి ఉంది అన్నది వాళ్ల వాదన. కాంట్రాక్టు చట్టం మాత్రమే చూస్తే ఇది బలమైన వాదనే.

నూజివీడు జవాబు వేరు. ధరను ప్రభుత్వం నియంత్రిస్తున్నప్పుడు రాయల్టీ కూడా ఆ నియంత్రణకు లోబడే ఉండాలి, ప్రభుత్వం చెప్పిన రేటు ప్రకారమైతే కడతాం, పాత రేటు మాత్రం కట్టం అన్నారు. అప్పట్లో నూజివీడు సీడ్స్ అధినేత ఎం. ప్రభాకరరావు జాతీయ విత్తన సంఘానికి కూడా అధ్యక్షుడు. అందువల్ల ఈ పోరు ఒక కంపెనీది కాకుండా దేశీ విత్తన పరిశ్రమ మొత్తానిది అన్నట్టు కనిపించింది. నిజానికి పరిశ్రమ రెండుగా చీలిపోయింది.

నా అభిప్రాయం అడిగితే, ధర నియంత్రణ చట్టం వచ్చాక పాత రేటునే పట్టుకు కూర్చోవడం మోన్‌శాంటో చేసిన తప్పు. కొత్త రేటు ఏదో తేలే దాకా కనీసం ఒప్పుకున్నంత మొత్తమైనా ఎప్పటికప్పుడు కట్టి ఉంటే నూజివీడు వైపు న్యాయం ఇంకా గట్టిగా నిలబడేది.

ఒప్పందం ఎప్పుడు రద్దయింది? ఆ తర్వాత ఏం జరిగింది?

2015 నవంబర్ 14న మహికో మోన్‌శాంటో సబ్‌లైసెన్స్‌ను రద్దు చేసింది. నెల తిరక్కముందే, డిసెంబర్ 7న, కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అప్పటిదాకా రాష్ట్రానికో రేటు ఉండేది. ఇక దేశమంతా ఒకటే ధర, రాయల్టీ ఎంతో కూడా కేంద్రమే చెబుతుంది.

రద్దు తర్వాత కూడా నూజివీడు విత్తనాలు అమ్ముతూనే ఉంది. లైసెన్స్ లేకుండా పేటెంట్ వాడుతున్నారు, బోల్‌గార్డ్ అనే మా ట్రేడ్‌మార్క్ కూడా వాడుతున్నారు, ఆపించండి అంటూ మోన్‌శాంటో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అసలు ఆ పేటెంటే చెల్లదు, రద్దు చేయండి అని నూజివీడు ప్రతిదావా వేసింది. ఫీజు బకాయి తగాదా కాస్తా పేటెంట్ యుద్ధంగా మారింది ఇక్కడే.

కేంద్రం రాయల్టీ తగ్గించాక రైతుకు ఎంత మిగిలింది?

ఈ లెక్క ప్రతి పత్తి రైతుకూ తెలియాలి. 2016 మార్చిలో కేంద్రం బీజీ-2 ప్యాకెట్ ధర 800 రూపాయలుగా నిర్ణయించింది. అందులో విత్తనం విలువ 751, రాయల్టీ 49. అంతకుముందు రాయల్టీ ప్యాకెట్‌కు దాదాపు 163 రూపాయలు ఉండేది. ఎకరాకు రెండు ప్యాకెట్ల చొప్పున అయిదెకరాల రైతు పది ప్యాకెట్లు కొంటాడు. అంటే అతని కొనుగోలులో రాయల్టీ భాగం సుమారు 1,630 రూపాయల నుంచి 490కి దిగింది.

అయితే ఆ తగ్గింపంతా రైతుకు చేరలేదు. రాయల్టీ ప్యాకెట్‌కు 114 రూపాయల దాకా తగ్గితే, అప్పటికే 830 రూపాయలకు అమ్ముతున్న రాష్ట్రాల్లో ప్యాకెట్ ధర తగ్గింది 30 రూపాయలే. మిగతాది విత్తన కంపెనీల వైపే ఉండిపోయింది. వాళ్లకూ ఉత్పత్తి ఖర్చులు పెరిగాయి, కాదనలేం. కానీ 'రైతు కోసమే ఈ పోరాటం' అని రెండు పక్షాలూ అన్న మాటలను ఈ 114, 30 అంకెలు పక్కన పెట్టుకుని వినాలి.

హైకోర్టు మొదట ఏం చెప్పింది?

2017 మార్చి 28న సింగిల్ జడ్జి జస్టిస్ ఆర్.కె. గౌబా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. ధర నియంత్రణ చట్టానికి తగ్గట్టు ఫీజు మార్చమని అడిగినందుకు ఒప్పందం రద్దు చేయడం ప్రాథమికంగా చూస్తే చట్టబద్ధం కాదన్నారు. దావా తేలే దాకా రెండు పక్షాలూ ఒప్పందానికి కట్టుబడి ఉండాలి, నూజివీడు విత్తనం అమ్ముకోవచ్చు, ప్రభుత్వం నిర్ణయించిన రేటు ప్రకారం రాయల్టీ కట్టాలి.

అటు వాళ్లనూ ఇటు వాళ్లనూ వారి వారి బాధ్యతలో నిలబెట్టిన ఉత్తర్వు ఇది. కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే సబబుగా కనిపించేది ఇదే. ఇద్దరూ దీని మీద అప్పీలుకు వెళ్లారు.

డివిజన్ బెంచ్ పేటెంట్‌ను ఎలా కొట్టేసింది?

2018 ఏప్రిల్ 11న జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ యోగేశ్ ఖన్నా బెంచ్ మోన్‌శాంటో పేటెంట్ నంబర్ 214436 చెల్లదని తీర్పు ఇచ్చింది. దానికి ఆధారం మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(జె). మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు, వాటిని సహజంగా పెంచే జీవ ప్రక్రియలు వేటి మీదా పేటెంట్ ఉండదని ఆ సెక్షన్ చెబుతుంది. సూక్ష్మజీవులకు మాత్రం మినహాయింపు.

మోన్‌శాంటో వాదన ఏమంటే: మేం పేటెంట్ తీసుకున్నది మొక్క మీద కాదు, ల్యాబ్‌లో తయారైన జన్యు శ్రేణి మీద, ప్రకృతిలో అలాంటిది లేదు. బెంచ్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ శ్రేణి ఒకసారి మొక్కలోకి వెళ్లాక తరతరాలకూ మామూలు సంకరం ద్వారానే పాకుతుంది, విడిగా దానికి పని లేదు, కాబట్టి అది విత్తనంలో భాగమే అన్నది. హక్కులు కావాలంటే మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద మూడు నెలల్లో దరఖాస్తు చేసుకోవచ్చని మోన్‌శాంటోకు అవకాశం ఇచ్చింది.

సుప్రీంకోర్టు మోన్‌శాంటోకు అనుకూలంగా తీర్పిచ్చిందా?

చాలామంది అలాగే అనుకుంటారు, పేపర్లలో హెడ్డింగులు కూడా అలాగే వచ్చాయి. 2019 జనవరి 8న జస్టిస్ ఆర్.ఎఫ్. నారిమన్, జస్టిస్ నవీన్ సిన్హా బెంచ్ చెప్పింది మాత్రం ఇది: పేటెంట్ చెల్లుతుందా లేదా అన్నది నిపుణుల సాక్ష్యం విని తేల్చాల్సిన విషయం. మధ్యంతర ఉత్తర్వు మీద వచ్చిన అప్పీలులో, విచారణ జరగకుండా, కాగితాలు చూసి తేల్చేయడం సరికాదు. అందుకని డివిజన్ బెంచ్ తీర్పును పక్కన పెట్టి, సింగిల్ జడ్జి ఉత్తర్వును పునరుద్ధరించి, దావాను మళ్లీ విచారణకు పంపింది.

పేటెంట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు ఎక్కడా అనలేదు, చెల్లదనీ అనలేదు.

మరి విత్తనంలోని జన్యువు మీద పేటెంట్ ఉండొచ్చా అన్న ప్రశ్న తేలిందా?

తేలలేదు. 2019 నవంబర్‌తో ఆ పేటెంట్‌కు ఇరవై ఏళ్లు నిండి గడువు తీరింది. 2021 మార్చిలో రెండు పక్షాలూ అన్ని కేసులూ ఉపసంహరించుకుని రాజీ పడ్డాయి. షరతులు బయటపెట్టలేదు. ఎవరు ఎవరికి ఎంత కట్టారన్నది వాళ్ల మధ్యే ఉండిపోయింది.

కంపెనీలకు రాజీ మంచిదే, ఖర్చు తగ్గుతుంది, వ్యాపారం సాగుతుంది. నాకు బాధ కలిగించేది వేరే విషయం. దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీయే. తెలంగాణలోనే నలభై లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తారు. ఇంత మంది బతుకుతో ముడిపడిన చట్ట ప్రశ్న దేశంలోని పెద్ద కోర్టు గడప దాకా వెళ్లి జవాబు లేకుండా తిరిగొచ్చింది. రేపు ఇంకో పంటలో, ఇంకో జన్యువుతో ఇదే గొడవ వస్తే మళ్లీ మొదటి నుంచీ వాదించుకోవాల్సిందే.

కాంపిటీషన్ కమిషన్ కూడా విచారణ చేసింది కదా?

చేసింది. మార్కెట్‌లో పోటీ దెబ్బతినకుండా చూసే ఈ సంస్థ 2016 ఫిబ్రవరిలో విచారణకు ఆదేశించింది. లైసెన్స్ షరతులు మరీ కఠినంగా ఉన్నాయని, మార్కెట్‌లో ఉన్న బలాన్ని మోన్‌శాంటో దుర్వినియోగం చేసిందనడానికి ప్రాథమిక ఆధారం ఉందని అన్నది. మోన్‌శాంటో దీని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2020లో ఓడిపోయింది, 2023 జూలైలో డివిజన్ బెంచ్ దగ్గర గెలిచింది. పేటెంట్ లైసెన్స్ షరతుల విషయంలో పేటెంట్ చట్టానిదే పైచేయి అన్నది ఆ తీర్పు సారం.

ఇప్పుడు మోన్‌శాంటో ఉందా?

ఆ పేరుతో లేదు. 2018 జూన్‌లో జర్మనీకి చెందిన బేయర్ కొనేసింది.

ప్రస్తుతం పత్తి ప్యాకెట్‌లో రాయల్టీ కడుతున్నామా?

లేదు. బీజీ-1 మీద 2016లోనే సున్నా చేశారు. బీజీ-2 మీద 49 నుంచి 2018లో 39కి, 2019లో 20కి తగ్గించి, 2020లో పూర్తిగా ఎత్తేశారు. ఆ ఏడాది ప్యాకెట్ గరిష్ఠ ధర 730 రూపాయలు. తర్వాత విత్తన ఉత్పత్తి ఖర్చుల పేరుతో ధర ఏటా పెరుగుతూ వచ్చింది, 2024లో 864కి చేరింది. ఇప్పుడు ఎవరైనా డీలర్ 'రాయల్టీ వల్లే రేటు పెరిగింది' అంటే నమ్మకండి. ప్యాకెట్ మీద ముద్రించిన ధర కంటే పైసా ఎక్కువ ఇవ్వకండి, బిల్లు లేకుండా కొనకండి.

గులాబీ పురుగు బీటీని తట్టుకుంటోంది కదా, మరి అన్నాళ్లూ ఫీజు దేనికి కట్టినట్టు?

రైతుల కడుపులోంచి వచ్చే ప్రశ్న ఇది. బీజీ-1ను గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ విషయంలో మోన్‌శాంటో స్వయంగా ఒప్పుకుంది. తర్వాత కొన్నేళ్లకే బీజీ-2 దీ అదే పరిస్థితి. శనగపచ్చ పురుగు మీద మాత్రం బీటీ చాలాకాలం బాగా పనిచేసింది, అది కాదనకూడదు.

కోర్టుల్లో వాదన పేటెంట్, ఫీజుల చుట్టూ తిరిగింది కానీ, పనితనం తగ్గితే ఫీజు కూడా తగ్గాలా అన్న దాని మీద కాదు. ఒప్పందం రాసుకునే రోజునే ఆ షరతు పెట్టుకోవాల్సింది.

బీజీ-2 పత్తి నుంచి వచ్చిన గింజలు దాచి మళ్లీ వేసుకుంటే నేరమా?

నేరం కాదు. 2001 నాటి రైతు హక్కుల చట్టం సెక్షన్ 39 ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కంపెనీ బ్రాండ్ పేరుతో మాత్రం అమ్మకూడదు. అయితే హైబ్రిడ్ గింజ మళ్లీ వేస్తే మొక్కలు ఒకే తీరున రావు, దిగుబడి పడిపోతుంది. చట్టం అడ్డు చెప్పకపోయినా చేను ఒప్పుకోదు.

'బీజీ-3' అని దొంగచాటుగా అమ్ముతున్నది ఏమిటి? దానికీ ఈ కేసుకూ సంబంధం ఉందా?

గడ్డిమందు కొట్టినా చావని పత్తి అది. దానికి మన దేశంలో అనుమతి లేదు. ఆ రకం టెక్నాలజీ అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తును మోన్‌శాంటో 2016లో వెనక్కి తీసుకుంది. లైసెన్స్ ఫీజుల మీద కేంద్రం తెచ్చిన నిబంధనల ముసాయిదాతో కంపెనీ అప్పటికే గుర్రుగా ఉంది. అధికారికంగా రావాల్సింది ఆగిపోయింది, అనధికారంగా మాత్రం లూజు ప్యాకెట్లలో ఊరూరా తిరుగుతోంది. అది మొలవకపోయినా, మోసం జరిగినా ఏ కంపెనీనీ పట్టుకోలేరు, ఎవరూ బిల్లు ఇవ్వరు.

కొన్న విత్తనం దెబ్బతీస్తే రైతు ఎక్కడ అడగాలి?

ముందుగా మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పొలం చూసి రిపోర్టు రాయమనండి. చేను ఎండిపోకముందే, కాయ రాలిపోకముందే ఇది జరగాలి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మన రాష్ట్ర రైతులు గెలిచిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్టరైన రకం అయితే, కంపెనీ చెప్పినట్టు పంట రానప్పుడు రైతు హక్కుల చట్టం సెక్షన్ 39(2) కింద ఆ చట్టంతో ఏర్పడిన అథారిటీ దగ్గర కూడా నష్టపరిహారం అడగొచ్చు. వీటిలో దేనికైనా కావాల్సినవి బిల్లు, లాట్ నంబర్ కనిపించేలా ఖాళీ ప్యాకెట్, వీలైతే అదే లాట్ గింజలు కొన్ని.